బంతిని ఎన్నుకోవాలంటే బండను చూడాలి

మీలో చాలామంది ఇళ్లలో నాపబండలు పరచి ఉంటాయి. బేతంచెర్ల, బనగానపల్లె, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల గనుల నుండి వచ్చే ఈ రాళ్లను బయటి ఊళ్లవారు కడప బండలంటారు. ఇంటి లోపల సాన పట్టిన నున్నని బండ వేస్తారు. స్నానం చేసే చోట, బట్టలుతికే చోట గరుకు బండ వేస్తారు. ఎందుకని అడిగితే "నున్నని బండ జారుతుంది" అని మీరు వెంటనే చెబుతారు.

కాని ఒక్క క్షణం ఆలోచించండి. నున్నని బండ పొడిగా ఉన్నప్పుడు దాని మీద మీరు హాయిగా పరుగెత్తగలరు గదా! అదే బండ మీద నాలుగు చుక్కల నూనె ఒలికితే అవ్వ కాలు జారి పడుతుంది. తుంటి ఎముక విరిగితే కోలుకోవటానికి నెలలు పట్టవచ్చు. బండ మారలేదు, కాలూ మారలేదు. మరి మారినదేమిటి?

సరిగ్గా ఈ ప్రశ్ననే పదే పదే వేసుకోవలసిన ఆట ఒకటి ఉంది. దాని పేరు బౌలింగు. క్రికెట్టులోని బౌలింగు కాదు సుమా! బరువైన బంతిని నేల మీద దొర్లించి, దూరాన నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టే ఆట. హైదరాబాదు వంటి నగరాలలో దీనిని ఆడే చోట్లు ఉన్నాయి.

నూనె పూసిన బాట

బంతి దొర్లే బాటను లేను అంటారు. ఆటగాడు దాటకూడని గీత నుండి మొదటి పిన్ను వరకు 60 అడుగులు, అంటే సుమారు 18.3 మీటర్లు. వెడల్పు మీటరు కంటె కొద్దిగా ఎక్కువ. బంతి అడ్డుకొలత 8.5 అంగుళాలు, బరువు 16 పౌన్లకు, అంటే సుమారు 7.25 కిలోలకు మించరాదు.

పూర్వం ఈ బాటలను చెక్కతో చేసేవారు. బంతుల రాపిడికి చెక్క అరిగిపోకుండా నూనె పూసేవారు. ఇప్పుడు చాలా చోట్ల చెక్కకు బదులు కృత్రిమ పదార్థాల పలకలు వచ్చాయి. అయినా నూనె పూయటం మానలేదు, ఎందుకంటే నూనె ఆటలో భాగమైపోయింది. సాధారణంగా మొదటి 40 అడుగుల వరకు పలుచగా నూనె ఉంటుంది, చివరి భాగం పొడిగా ఉంటుంది. చాలా బాటలలో నడుమ నూనె ఎక్కువ, అంచులలో తక్కువ. ఆ పొర ఎంత పలుచనిదంటే, అది ఎక్కడ ఎంత ఉన్నదో ఆటగాడికి సరిగా కనిపించదు. బంతి నడకను చూసి ఊహించుకోవలసిందే.

జారుడు, మలుపు, దొర్లుడు

చేతి నుండి వదిలిన బంతి వెంటనే దొర్లదు. ముందు జారుతుంది. నేర్పరి అయిన ఆటగాడు బంతిని వదిలేటప్పుడు పక్కకు మెలితిప్పుతాడు. అందువల్ల బంతి ముందుకు పోతూనే పక్కవాటుగా తిరుగుతూ ఉంటుంది. నేలను తాకే చోట బంతి ఏ దిక్కుకు జారుతున్నదో దానికి వ్యతిరేక దిక్కున ఘర్షణ పని చేస్తుంది. ఆ ఘర్షణే బంతిని పక్కకు నెట్టి వంపు తిప్పుతుంది. జారుడు పూర్తిగా ఆగి దొర్లుడు మొదలైతే వంపు ఉండదు, బంతి తిన్నగా పోతుంది.

ఈ వంపు ఎందుకు? కుడిచేతి ఆటగాడు మొదటి పిన్నుకూ, దాని కుడి వెనుక పిన్నుకూ నడుమనున్న సందులో బంతిని వాలుగా కొట్టాలని చూస్తాడు. సుమారు 6 డిగ్రీల వాలుతో కొడితే పది పిన్నులూ పడే అవకాశం హెచ్చు. తిన్నగా వేసిన బంతికి అంత వాలు రాదు.

లెక్క వేసి చూద్దాం

తిరుగుడు ఏమీ లేకుండా సెకనుకు 8 మీటర్ల వేగంతో వదిలిన గట్టి గోళాన్ని తీసుకొందాం. అది దొర్లటం మొదలుపెట్టే సమయానికి దాని వేగం మొదటి వేగంలో 5/7 వంతు, అంటే సెకనుకు 5.7 మీటర్లు ఉంటుంది. వింతేమిటంటే నేల నున్ననైనా గరుకైనా ఈ 5/7 మారదు! మారేది, ఎంత దూరం జారిన తరువాత ఆ స్థితి వస్తుందన్నదే.

ఆ దూరానికి సూత్రం ఇది: వేగపు వర్గాన్ని 12తో గుణించి, 49, ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం (9.8) ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి.

పొడి బాటకు ఘర్షణ గుణకం 0.2 అనుకొంటే దూరం 8 మీటర్లు. నూనె బాటకు 0.04 అనుకొంటే 40 మీటర్లు! బాట పొడవే 18.3 మీటర్లు గదా! అంటే బాటంతా నూనె ఉంటే బంతి జారుతూనే పోయి పిన్నులను తాకుతుంది, వంపు తిరగటానికి వ్యవధి ఉండదు. బాటంతా పొడిగా ఉంటే సగం దారి కూడా పోకముందే బంతి తిరుగుడు ఖర్చైపోతుంది. ఆటగాడికి కావలసింది ఈ రెంటికీ నడుమ ఉన్నది.

బంతికి సాన

ఇక్కడే మన బండల సంగతి పనికివస్తుంది. బండను నునుపు చేసే చోట ముందు ముతక సాన రాయితో, తరువాత సన్న రాయితో, ఆ తరువాత ఇంకా సన్న రాయితో నీళ్లు పోస్తూ రుద్దుతారు. ప్రతి రాయీ ముందటి రాయి చేసిన గీతలను చెరిపి, అంతకంటె సన్నని గీతలు పెడుతుంది. గీతలు కంటికి ఆననంత సన్నమైతే అదే మెరుగు. సాన రాయికైనా ఉప్పు కాగితానికైనా అంకె పెరిగే కొద్దీ రవ్వ సన్నం.

బౌలింగు బంతికీ ఇదే పని చేస్తారు. 500 అంకె రుద్దుడు బిళ్లతో రుద్దితే గరుకు, 4000తో రుద్దితే నునుపు. ఆపైన మెరుగు కూడా పెట్టవచ్చు. నూనె ఎక్కువగా ఉంటే ఏ బంతి మంచిది? గరుకుది. దాని పైనున్న సన్నని గట్లు నూనె పొరను చీల్చుకొని నేలను పట్టుకొంటాయి. నూనె తక్కువైతే మెరుగు పెట్టిన బంతి మంచిది. గరుకు బంతి ముందుగానే పట్టు దొరికి తొందరపడి తిరిగిపోతుంది. నున్నని బంతి తన తిరుగుడును చివరిదాకా దాచుకొంటుంది.

బంతి పదార్థమూ ముఖ్యమే. ఒకప్పుడు గట్టి కొయ్యతో చేసిన బంతులుండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రబ్బరు బంతులు వచ్చాయి. తరువాత పాలియెస్టర్, 1980 దశకం మొదట్లో యురథేన్, 1990 దశకం మొదట్లో రియాక్టివ్ రెజిన్ వచ్చాయి. పాలియెస్టర్ బంతి తక్కువ పట్టుతో తిన్నగా పోతుంది. రెజిన్ బంతికి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. అది నూనెను పీల్చుకొని నేలను గట్టిగా పట్టుకొంటుంది. అయితే పీల్చిన నూనె లోపల నిండితే పట్టు తగ్గుతుంది, అందుకే దానిని తరచు శుభ్రం చేయాలి.

ఆట నడుస్తుంటే

ఇంతటితో అయిపోలేదు. దొర్లిన ప్రతి బంతీ కొంత నూనెను ఎత్తుకుపోతుంది, కొంత నూనెను ముందుకు ఈడ్చి పొడి భాగంలో పూస్తుంది. ఉదయం బాగా ఆడిన బంతి మధ్యాహ్నానికి గురి తప్పుతుంది. చేయి చెడిందని ఆటగాడు కంగారుపడితే నష్టమే. చెడింది చేయి కాదు, నేల మారింది.

అప్పుడు చేయగలిగినవి మూడు. ఒకటి, నిలబడే చోటు మార్చటం. బంతి ముందే వంపు తిరిగిపోతుంటే కుడిచేతి ఆటగాడు ఎడమకు జరిగి, నూనె ఇంకా మిగిలిన దారిన వేస్తాడు. రెండు, బంతిని మార్చటం. మూడు, వేగాన్నో తిరుగుడునో మార్చటం. పోటీ నడుస్తుండగా బంతిని ఉప్పు కాగితంతో రుద్దటానికి నియమాలు ఒప్పుకోవు. పొడి తువాలుతో నూనె తుడుచుకోవచ్చు. అందుకే ఆటగాళ్లు వేరువేరుగా సాన పట్టిన బంతులను ముందే సిద్ధం చేసుకొని వస్తారు.

మీరే చేసి చూడండి

ఒక గట్టి రబ్బరు బంతిని తీసుకోండి. ఆరుబయట పొడి నాపబండ మీద, బంతిని వెనక్కు తిరిగేలా మెలిపెట్టి ముందుకు తోయండి. కొంత దూరం పోయి, ఆగి, మీ వైపే రావటం చూస్తారు. ఇప్పుడు బండ మీద చిక్కని సబ్బునీళ్లు పోసి అలాగే తోయండి. ఎంత దూరం పోయింది? వెనక్కు వచ్చిందా? తరువాత బంతిని ఉప్పు కాగితంతో రుద్ది మరలా చేయండి. ప్రతిసారీ దూరాన్ని కొలిచి, పట్టిక రాయండి. ఒక్కొక్కటి కనీసం ఐదుసార్లు చేసి సగటు తీయండి. పని కాగానే బండను కడిగి ఆరబెట్టటం మరువకండి!

మొదటి ప్రశ్నకు జవాబు

మారినదేమిటని మొదట అడిగాం. జారుడు బండ గుణమూ కాదు, కాలి గుణమూ కాదు. రెండు తలాల నడుమ ఏమున్నదన్నది కూడా కలిసి ఘర్షణను నిర్ణయిస్తుంది. నడుమకు నూనె వచ్చింది, ఘర్షణ తగ్గింది. ఆటగాడు బంతిని మార్చుకొంటాడు. అవ్వ కాలును మార్చలేం గనుక మనం నేలను చూసుకోవాలి. నూనె ఒలికితే నీళ్లు పోయకండి. నీటితో నూనె కలవదు, ఇంకా పరుచుకొంటుంది. ముందు తవుడో బూడిదో చల్లి నూనెను పీల్చనిచ్చి ఊడ్చేయండి. ఆ తరువాత సబ్బుతో కడిగి, తుడవండి. తలంటి పోసుకొనే చోట గరుకు బండ వేసిన మన పెద్దలు ఈ పాఠాన్ని ఎప్పుడో నేర్చుకొన్నారు.

ఆలోచించండి

1. ఎద్దులబండి ఇరుసుకు కందెన పెడతాం. చక్రం చుట్టూ ఉన్న ఇనుప పట్టాకు పెట్టం. ఎందుకు?

2. ఘర్షణ గుణకం 0.1 అయితే, పైన చెప్పిన బంతి ఎంత దూరం జారిన తరువాత దొర్లుతుంది? అది పిన్నులను చేరే లోపలా, చేరిన తరువాతా?