కార్డు పోయిందని అప్పుడే అనుకోకు



రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు బిగించావు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మీద మాత్రం నో సిగ్నల్. డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరయిందని బాధపడ్డావు. అంత మాట అనకమ్మా. కొత్త కార్డు పెట్టె లోంచే పాడై రావడం అరుదు. బిగింపులోనో కరెంటులోనో లోపం ఉండడమే ఎక్కువగా చూశాను.

ముందు క్యాబినెట్ వెనక్కి వెళ్లి మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చావో చూడు. నీ ప్రాసెసర్ ఐ5-12400ఎఫ్. చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు మీది హెచ్‌డీఎంఐలో పెడితే ఎంతసేపు కూర్చున్నా డిస్‌ప్లే రాదు. దాని కింద ఉన్న కార్డుకే కేబుల్ పెట్టు. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ కూడా సరిచూడు.

అప్పటికీ రాకపోతే స్విచ్ కట్టేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి ఉంచు. క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి అప్పుడు లోపల చెయ్యి పెట్టు. కార్డు తీసి మళ్లీ కూర్చోబెట్టు. బంగారు రంగు అంచు స్లాటులో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే లోతున దిగాలి, చివరి లాక్ టక్కుమనాలి. చాలాసార్లు వెనక స్క్రూ బిగించేటప్పుడు రెండో చివర కాస్త పైకి లేస్తుంది. పైనుంచి చూస్తే తెలియదు. ఫోన్ టార్చి వేసి పక్కనుంచి చూడు.

ఇక కరెంటు. నాకు అసలు అనుమానం ఇక్కడే. స్లాటు ఇచ్చేది 75 వాట్లు. నీ పాత కార్డు జీటీ 710కి అదే ఎక్కువ. 3060కి 170 వాట్లు కావాలి. అందుకే దాని నెత్తిన 8 పిన్నుల సాకెట్ ఉంటుంది. అది ఖాళీగా ఉన్నా కొన్ని కార్డుల ఫ్యాన్లు తిరుగుతాయి కానీ బొమ్మ రాదు. 6, 2 పిన్నులుగా విడిపోయే కేబులే అందులో పెట్టాలి. 4, 4గా విడిపోయేది ప్రాసెసర్‌ది. చూడడానికి ఒకేలా ఉన్నా ప్లస్సూ ఎర్తూ తారుమారుగా ఉంటాయి. దూరకపోతే బలవంతం చెయ్యకు. ఇంకో ఎస్‌ఎంపీఎస్‌తో, అంటే ఇంకో కరెంటు డబ్బాతో, వచ్చిన కేబుల్ అరువు తెచ్చి పెట్టకు. దూరినా లోపలి వైర్ల వరస వేరేగా ఉండి కార్డు కాలిపోవచ్చు.

క్యాబినెట్‌తో ఊరికే వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లను నేను నమ్మను. పైన పెద్ద అక్షరాల్లో 500 వాట్లు అని ఉంటుంది. లేబుల్ మీద 12 వోల్టుల గడి చూడు. అక్కడ 18 ఆంపియర్లే ఉంటే లెక్క 216 వాట్లకే తేలుతుంది. నీ ప్రాసెసర్ ఒక్కటే లోడ్ మీద 117 వాట్ల దాకా లాగుతుంది. దానికి కార్డు 170 కలుపు. ఈ కార్డుకి మంచి కంపెనీ 550 వాట్లది కావాలి. అందులో పొదుపు చెయ్యొద్దు, తక్కువ పడితే నేనిస్తాను.

ఏది మార్చినా ఒక్కటే మార్చి ఆన్ చేసి చూడు. కేబులూ కార్డూ ర్యామూ ఒకేసారి కదిపితే రోగం దేనిదో నీకూ తెలియదు, నాకూ చెప్పలేవు. బోర్డు మీద వీజీఏ అని రాసి ఉన్న చిన్న లైటు ఉంటే, అది వెలిగి అలాగే ఉండిపోతుందేమో చూడు. పాత జీటీ 710 మళ్లీ పెట్టినప్పుడు డిస్‌ప్లే వస్తే బోర్డూ మానిటరూ బాగున్నట్టే. అప్పుడు కొత్త కార్డు నీ స్నేహితురాలి సిస్టంలో పెట్టి చూడు. అక్కడా రాకపోతే బిల్లూ పెట్టే తీసుకుని కొన్న షాపుకి వెళ్లు. అప్పటిదాకా స్టిక్కర్లు పీకకు.

డిస్‌ప్లే వచ్చాక డ్రైవర్ సంగతి. సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో పాతది తీసేసి కొత్తది ఎన్విడియా సైటు నుంచే దించుకో. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు ఫ్యాన్లు ఆగిపోతే కంగారుపడకు, చాలా కార్డులు చల్లగా ఉన్నప్పుడు అలాగే ఆపుతాయి. బ్లెండర్ రెండర్ పెట్టగానే తిరగాలి.

ప్రాజెక్టు గడువు దగ్గరపడిందని అర్ధరాత్రి నిద్రమత్తులో క్యాబినెట్ విప్పకు తల్లీ. పొద్దున వెలుతురులో చెయ్యి. విప్పగానే ఎస్‌ఎంపీఎస్ లేబులూ, కార్డు నెత్తిన పెట్టిన కేబులూ ఫొటో తీసి పంపు. చూసి వెంటనే ఫోన్ చేస్తాను.

మామయ్య