చలికాలపు పరుగు - కొన్ని జాగ్రత్తలు

డిసెంబరు వచ్చిందంటే మన హాస్టళ్ళలో రెండు రకాల వాళ్ళు కనిపిస్తారు. బెల్లు కొట్టినా దుప్పటి ముసుగు తీయని వాళ్ళు ఒక రకం. చీకటితోనే బూట్లు కట్టుకుని గ్రౌండుకు పోయే వాళ్ళు ఇంకో రకం. ఈ వ్యాసం రెండో రకం తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం.

2022లో తెలంగాణ పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలు డిసెంబరు 8న మొదలై జనవరి దాకా జరిగాయి. అంటే సరిగ్గా చలి ముదిరిన రోజుల్లో. పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. హాస్టల్లో కలిసి చదువుకున్న మేము నలుగురం మోతీనగర్‌లో ఒక గది తీసుకుని తయారయ్యాము. తెల్లవారుజామున 4:30కి లేవడం, గది తలుపు దగ్గర నుంచే పరుగు అందుకోవడం. అదే పట్టుదల అనుకున్నాము. రెండో వారంలో ఒకడికి తొడ వెనుక కండరం పట్టేసింది. ఇంకొకడికి ఆయాసం వచ్చి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. కండరం పట్టినవాడు పరీక్ష రోజు కుంటుతూ పరుగెత్తి కొద్ది సెకన్లలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇంట్లో వాళ్ళకు ఆ సంగతి చెప్పడానికి వాడికి నెల పట్టింది.

తప్పు ఎక్కడ జరిగిందో తరువాత చదువుకుని తెలుసుకున్నాము. చలికి చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుంటాయి. రాత్రంతా కదలకుండా ఉన్న కండరాలు బిగుసుకుని ఉంటాయి. వాటిని ఒక్కసారిగా లాగితే చిరుగుతాయి. అందుకని ముందు పది నిమిషాలు వడిగా నడవాలి, ఆ తరువాత మెల్లగా పరుగెత్తాలి, చేతులు కాళ్ళు తిప్పాలి. ఒళ్ళు వెచ్చబడ్డాకే వేగం. వేసవిలో ఐదు నిమిషాలు సరిపోయిన వాళ్ళకు చలికాలంలో పది, పదిహేను కావాలి. "టైం లేదు" అని మేము వదిలేసింది సరిగ్గా ఈ పది నిమిషాలనే.

ఇక ఆయాసం సంగతి. చల్లగాలిలో తేమ తక్కువ. ముక్కుతో పీలిస్తే ఆ గాలి లోపలికి పోయేలోగా వెచ్చబడి తేమ పట్టుకుంటుంది. నోటితో రొప్పితే పొడిగాలి నేరుగా దిగి శ్వాసనాళాలు ముడుచుకుంటాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇది ఇంకా ఎక్కువ. మూతికి పలుచటి చేతిరుమాలు కట్టుకుంటే కొంత మేలు. డాక్టరు ఇన్‌హేలర్ రాసి ఉంటే అది జేబులో ఉండాల్సిందే, సిగ్గుపడే పని కాదు. ఛాతీలో నొప్పిగాని, పిల్లికూతలుగాని వస్తే ఆ రోజుకు పరుగు ఆపేయాలి.

మోతీనగర్‌లో ఇంకో చిక్కు ఉంది. పక్కనే సనత్‌నగర్ పారిశ్రామికవాడ, ఎర్రగడ్డ రోడ్డు మీద వాహనాల రద్దీ. చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లారి, కింది గాలి పై గాలికన్నా చల్లగా ఉంటుంది. దాంతో పొగ పైకి పోలేక మన ముక్కుల ఎత్తులోనే నిలిచిపోతుంది. మేము మంచు అనుకుని మురిసిపోయిన దానిలో సగం పొగే! ఊళ్ళో పొలంగట్టు మీద తెల్లవారుజాము మంచిదే కావచ్చు. పట్నంలో మాత్రం ఎండ పొడ వచ్చాక, పెద్ద రోడ్డుకు దూరంగా గ్రౌండులోనో పార్కులోనో పరుగెత్తడం మేలు. రోడ్డు తప్పకపోతే తెల్లచొక్కా వేసుకుని, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడివైపున వెళ్ళాలి.

బట్టల విషయం. ఒక్క మందపాటి స్వెట్టరు కన్నా రెండు పలుచటివి నయం, వేడెక్కాక ఒకటి విప్పవచ్చు. చెమటకు తడిసిన బనియనుతో నిలబడి కబుర్లు చెప్పుకుంటే ఒంట్లో వేడి ఇట్టే పోతుంది. పరుగు అయిన వెంటనే పొడి బనియను మార్చాలి. మంకీ క్యాపు చూసి నవ్వేవాళ్ళను నవ్వనీయండి. దాహం వేయకపోయినా నీళ్ళు తాగాలి, చలిలో దాహం తెలియదుగాని చెమట మాత్రం పోతూనే ఉంటుంది.

మన గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్ళు నిండలేదు. వాళ్ళు కూడా ఒక్కసారిగా మంచులోకి దిగలేదు. ముందు భువనగిరి గుట్ట, తరువాత డార్జిలింగ్, ఆపైన లడఖ్. అలా చలిని శరీరానికి కొద్దికొద్దిగా అలవాటు చేశారు.

ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్కమాట. సికిల్ సెల్ జబ్బు ఉన్నవారికి చలి, నీళ్ళు తక్కువ కావడం, అతి శ్రమ, ఈ మూడూ ఒళ్ళు నొప్పులను తెచ్చిపెడతాయి. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద దీనికి ప్రభుత్వం రక్తపరీక్షలు చేయిస్తోంది. పరీక్ష చేయించుకుని, డాక్టరును అడిగి, తరువాతే గ్రౌండుకు వెళ్ళండి.

పిల్లికూతలు వచ్చిన మా మిత్రుడు ఇప్పటికీ పరుగెత్తుతున్నాడు. ఏడు దాటాక బయలుదేరుతాడు, మొదటి పది నిమిషాలు నడుస్తాడు.