అడిగిన వారందరికీ వరద కథ చెప్పాలా?

సమస్య

ఆదోనిలో కాపురముంటున్న ఒక గృహిణి ఉత్తరం సారాంశమిది. ఆమె పుట్టిల్లు మంత్రాలయం దగ్గర తుంగభద్ర ఒడ్డు పల్లె. 2009 అక్టోబరు మొదట్లో నది ఊరి మీదికి వచ్చిన రాత్రి, అయిదో తరగతి చదువుతున్న ఆమె మిద్దె ఎక్కి బతికింది గాని, ఆమె చేయి పట్టుకున్న అవ్వ నీళ్ళలోకి జారిపోయింది. నేటికీ గట్టి వాన పడితే ఆమెకు నిద్ర ఉండదు. పిల్లలను నీటి తొట్టి దరిదాపులకు పోనివ్వదు. కంటి కదలికలతో చేసే చికిత్స ఒకటి ఉందని ఎమ్మిగనూరులోని చెల్లెలు చెప్పింది. అది హిప్నాటిజమని భర్త అనుమానం. జిల్లా అంతా మునిగితే అందరూ వైద్యానికి పోయారా అని అత్త ప్రశ్న. మంత్రాలయం దర్శనానికి వచ్చి ఇంట్లో దిగే బంధువులందరి ముందూ అత్త తనను కూర్చోబెట్టి ఆ వరద సంగతి చెప్పిస్తుందని, ఆ రాత్రి తెల్లవార్లూ మేలుకునే ఉంటానని ఆమె చివర ఒక్క వాక్యం రాసింది. ఈ చికిత్స మంచిదేనా, చేయించుకుంటే అవ్వ జ్ఞాపకం చెరిగిపోతుందా అన్నవి ఆమె సందేహాలు.

సలహా

ఉత్తరం మొత్తంలో బరువైనది ఆ చివరి వాక్యమే. ముందుగా సందేహాలు తీర్చుకోవచ్చు. ఇ.ఎం.డి.ఆర్. అని పిలిచే ఈ పద్ధతిని అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాన్సీన్ షపీరో 1987లో రూపొందించడం మొదలుపెట్టి, 1989లో తొలి అధ్యయనం ప్రచురించారు. బాధపెట్టే దృశ్యాన్ని మనసులో నిలుపుకుంటూనే, అటూ ఇటూ కదిలే చికిత్సకుల వేళ్ళను కళ్ళతో అనుసరించడం ఇందులో ముఖ్య భాగం. ఒకే సమయంలో రెండు పనులు మోయవలసి రావడంతో మనసులోని దృశ్యం పదును తగ్గుతుందన్నది ప్రధానమైన వివరణ. ఫలితంలో కంటి కదలికల వాటా ఎంత అన్నదానిపై పండితుల్లో వాదం ఉంది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఘోర సంఘటన తరువాత ఏళ్ళ తరబడి వెంటాడే మానసిక రుగ్మతకు సిఫారసు చేసిన చికిత్సల్లో ఇదొకటి. ఇది హిప్నాటిజం కాదు. రోగి పూర్తి తెలివితో ఉంటుంది, చేయెత్తి ఎప్పుడైనా ఆపించవచ్చు. అవ్వ జ్ఞాపకం చెరగదు, ఆ జ్ఞాపకాన్ని అంటుకున్న భయం మాత్రం తగ్గుతుంది. వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించకుండా, కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల మానసిక వైద్య విభాగంలో ముందు పరీక్ష చేయించుకుని, శిక్షణ పొందిన చికిత్సకులు ఎక్కడున్నారో అక్కడే అడగడం మేలు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేసినా తెలుగులో మాట్లాడే సలహాదారులు దొరుకుతారు.

ఇక అసలు విషయం. ఈ చికిత్సలో రోగి జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పనక్కరలేదు. చికిత్సకులకు చెప్పకుండా మనసులోనే ఉంచుకోగల వివరాలను ఆ ఇంట్లో చుట్టాలకు వడ్డిస్తున్నారు. ఘోరం చూసిన వారిని వెంటనే కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతిని నిపుణులే వద్దన్నారు. మరి సోఫా మీద టీ తాగుతూ వినే బంధువుకు ఆ అధికారం ఎవరిచ్చారు? కోడలిని మంత్రాలయం రాఘవేంద్రస్వామి కాపాడాడని చాటడమే అత్త ఉద్దేశం కావచ్చు. కాని ఆ స్వామి మఠంలోకే నీరు చేరిన ఆ వరదలో అవ్వను పోగొట్టుకున్న పిల్లకు అది మహిమ కథ కాదు. చావు ఇంటికి పరామర్శకు వెళ్ళి "ఎలా పోయారు, ఆఖర్న ఏమన్నారు" అని ప్రతివారూ మొదటినుంచి చెప్పించడం తెలుగు కుటుంబాల్లో ఆదరణగా చెలామణీ అవుతోంది. దానితో అడిగిన వారి కుతూహలం తీరుతుంది, చెప్పిన వారి గాయం రేగుతుంది. తనకు జరిగినది ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలన్న నిర్ణయం అనుభవించిన వారిదే గాని, అత్తమామలదీ చుట్టాలదీ కాదు. చికిత్సలో బయటపడ్డవి రహస్యంగా ఉండే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే గుర్తించింది. కనుక చికిత్స గదిలో ఏమి జరిగిందని ఇంట్లో ఎవరూ ఆరా తీయకూడదు.

అందరూ మునిగారు కదా అన్న అత్త వాదన నిలవదు. ఒకే వరద ఒకరి పొలాన్ని, ఒకరి గొడ్లను, ఒకరి అవ్వను తీసుకుపోయినప్పుడు అందరి నష్టాన్నీ ఒకే కొలతతో కొలవలేరు. హిప్నాటిజం గురించి బెంగపడిన భర్త, భార్యను ప్రతి అతిథి ముందూ ఆ మిద్దె మీదికి మళ్ళీ ఎక్కిస్తుంటే ఊరకున్నందుకు సిగ్గుపడాలి. రాబోయే స్వామి ఆరాధనకు బంధువులు దిగకముందే, ఇకపై ఆ ప్రస్తావన తేవద్దని తల్లికి అతడే చెప్పాలి. ఆ మాట కోడలి నోట రానివ్వకూడదు. చికిత్సకు ఎన్ని నెలలు పట్టినా, ఈ పని ఈ రోజే చేయవచ్చు.