ఇంగ్లండు అడవిపావురము: రాత్రి విడిదియందు గాలితుపాకితో వేట

జొన్నకంకి పాలుపట్టు వేళ చిలుకల గుంపు చేనిపై వ్రాలినచో తెలుగు రైతు గుండె ఝల్లుమనును. ఇంగ్లండు రైతునకు శీతకాలమున అట్టి బాధ కలిగించునది ఉడ్‌పిజన్ అను అడవిపావురము. ఇది పగలెల్ల పొలములందు మేసి, ప్రొద్దు గూకుసరికి తోపులలోని చెట్లపైకి రాత్రి విడిదికి చేరును. ఆ విడిదియందు రైతులు దానిని గాలితుపాకితో వేటాడు విధమును, ఆ వేటవలన కలుగు మేలెంతయో, తెలుగు రైతు దానినుండి గ్రహింపదగినదేమో ఇందు తెలుపబడుచున్నది.

పక్షి గుర్తులు, అది చేయు నష్టము

ఈ పావురము సుమారు 16 అంగుళముల పొడవును, ఒక పౌనుకు కొంచెము మించిన బరువును కలిగియుండును. ఒడలు బూడిదవన్నె. ఎదిగిన పక్షి మెడకు ఇరుప్రక్కల తెల్లని మచ్చయు, రెక్కపై తెల్లని పట్టెయు కలవు. స్టాక్ డవ్ అను వేరొక పావురము దీనిని పోలియుండును గాని, అది చిన్నది. దానికి తెలుపు లేదు. దానిని చంపుటకు అనుమతి లేదు. కావున తెలుపు స్పష్టముగా కానరానిచో తుపాకి ఎత్తరాదు.

అడవిపావురము క్లోవరు గడ్డిని, క్యాబేజిని, బఠానీని, విత్తిన ధాన్యమును తినును. ఆవజాతి నూనెపంటయగు రేప్ ఆకులన్న దానికి మిక్కిలి ఇష్టము. 1970 తరువాత ఈ పంట ఇంగ్లండున విరివిగా వ్యాపించెను. శరదృతువున విత్తిన రేప్ చలికాలమంతయు పచ్చగా నుండుటచే, పూర్వము ఆకలిచే చచ్చు పక్షులు ఇప్పుడు బ్రతికి వసంతమును చూచుచున్నవి.

కాలము, చోటు

ఆకురాలిన శీతకాలము ఈ వేటకు తగినది. ఫెజంటు పక్షుల వేట ఫిబ్రవరి 1వ తేదీతో ముగియును గనుక, పిమ్మట తోపుల యజమానులు పావురముల వేటకు సులభముగా అంగీకరింతురు. ఐవీ తీగ అల్లుకొనిన చెట్లను, స్ప్రూస్ వంటి ఎల్లప్పుడు పచ్చగానుండు చెట్లను పావురములు కోరును. పగటివేళ పోయి, నేలపై తెల్లని రెట్టలు, రాలిన ఈకలు ఎచ్చట మెండుగా నున్నవో చూచుకొనవలెను. చీకటి పడుటకు గంటన్నర ముందే ఆ చోట చేరి, చెట్టు మొదలుకు వీపు నానించి కదలక నిలువవలెను. ముఖమును చేతులను కప్పుకొనవలెను. పావురమునకు చూపు మిక్కిలి చురుకు. గాలి వీచు సాయంకాలము మేలు. ఆకుల రొదలో వేటగాని అలికిడి అణగిపోవును.

తుపాకి, గురి

ఇంగ్లండు, వేల్సు దేశములందు 12 అడుగు-పౌనుల శక్తికి మించని గాలిరైఫిలును పెద్దలు ప్రత్యేక పత్రము లేకయే ఉంచుకొనవచ్చును. స్కాట్లండులో 2016 డిసెంబరు 31 నుండి దానికి సయితము అనుమతిపత్రము ఆవశ్యకము. గుండు 0.177 లేక 0.22 అంగుళముల వ్యాసము కలది. శబ్దము స్వల్పము గనుక ఒక పక్షి పడినను తక్కినవి పెక్కుమారులు బెదరవు. ఇదియే దీని సుగుణము. శక్తి స్వల్పమగుట దీని లోపము. మేసివచ్చిన పావురము గొంతుక్రింది మేతసంచి నిండియుండును. రొమ్ముపై కొట్టిన గుండు ఆ మేతలో నిలిచిపోయి, పక్షి గాయముతో ఎగిరిపోవచ్చును. కావున తలకు గాని, మెడ మొదలుకు గాని గురిపెట్టవలెను. 30 గజములకు మించి కాల్పరాదు. కాగితపు గురిపై గుండ్లన్నియు ఒక అంగుళము లోపల పడునంతవరకు అభ్యాసము చేయనివాడు తోపునకు పోరాదు.

నిట్టనిలువుగా పైకి కాల్చునపుడు గుండు అనుకొన్న చోటికంటె ఎత్తున తగులును. చెట్టు మొదలుకు 15 గజముల దూరమున నిలిచి, కంటికి 15 గజముల ఎత్తుననున్న పక్షిని కాల్చినచో, గుండు పోవు దారి సుమారు 21 గజములు. అయినను భూమి దానిని క్రిందికి లాగుట నేలపైని 15 గజములకు తగినంతయే. ఈ లెక్క తెలియనివాని గుండు తలపైగా పోవును.

విడువవలసిన గురి

పక్షి వెనుక మ్రాను గాని లావుకొమ్మ గాని లేనిచో కాల్పరాదు. ఆకాశమునకు పోయిన గుండు ఎవరి పెరటిలో పడునో ఎరుగరాదు. కొమ్మలు అడ్డమున్నను, వెలుతురు తగ్గినను ఆ పక్షిని విడువవలెను. పడిన చోటులను గుర్తుంచుకొని, చీకటి పడకముందే అన్నిటిని ఏరవలెను. గాయపడినదానిని తక్షణమే చంపి బాధ తీర్పవలెను. ఈ మాంసము తినదగినది. దానిని పారవేయుట తగదు.

చట్టము, వేటవలని మేలు

1981 చట్టము ప్రకారము అచ్చట అడవిపక్షులన్నిటికి రక్షణ కలదు. పంటకు తీవ్రనష్టము తప్పించుటకై సాధారణ అనుమతి క్రింద మాత్రమే అడవిపావురమును చంపవచ్చును. 2019 ఏప్రిలులో ఇంగ్లండునందు పాత అనుమతులు రద్దయి, పిదప క్రొత్తవి వచ్చెను. చంపక బెదరించు ఉపాయములను సయితము రైతు పూనవలెనని వాని నియమము.

ఈ నియమమునకు తగిన కారణము కలదు. ఆర్. కె. మర్టన్ మున్నగు శాస్త్రజ్ఞులు కేంబ్రిడ్జిషైరు పొలములలో ఈ పక్షిని పెక్కేండ్లు పరిశీలించి, 1974లో వేటను గూర్చిన ఫలితములను ప్రకటించిరి. శీతకాలమున పక్షుల సంఖ్యను నిర్ణయించునది తుపాకి కాదు, మేత. వేటలో చచ్చినవి చాలవరకు ఎట్లును ఆకలిచే చావవలసినవే. కావున ఒక సాయంకాలమున పది పక్షులను కూల్చినవాడు దేశమునందలి పావురములను తగ్గించితినని తలపరాదు. మొలకలు లేతగానున్న కొలది వారములలో, ఆ చేనిపై మేయు గుంపునే ఎదుర్కొని, పగటి కాపలాతో వేటను జోడించినవానికే ఫలము దక్కును.

తెలుగు రైతు గ్రహింపవలసినది

భారతదేశమున 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము పెక్కు పక్షులను కాపాడుచున్నది. గాలితుపాకి చేతనున్నంత మాత్రమున పక్షిని చంపుటకు అధికారము కలుగదు. చిలుకల బెడదకు మంచె, వడిసెల, డప్పు తాతల నాటినుండి వచ్చుచున్న సాధనములు. ఒకవైపు ఎరుపు, వేరొకవైపు వెండివన్నె కల మెరుపు పట్టీలను మెలివేసి, కంకులకు కొంచెము ఎత్తున గుంజలకు కట్టినచో అవి గాలికి మెరసి మ్రోగి పక్షులను బెదరించును. కంకి పాలుపట్టకముందే వీనిని కట్టవలెను. చేను రుచి మరిగిన గుంపును మరలించుట కష్టము. ఒకే ఉపాయమును నెలలతరబడి ఉంచినచో పక్షులు అలవాటుపడును గనుక మార్చుచుండవలెను.

ఇంగ్లండు తోపులోనైనను తెలుగు చేనిలోనైనను పాఠమొక్కటియే: చచ్చిన పక్షులను లెక్కించుటకంటె, నిలిచిన పంటను లెక్కించుట మేలు.