విజ్ఞానయాత్రకు ముందు

ఈజిప్టు పిరమిడ్లను చూడవలెనని మన విద్యార్థులు ముచ్చటపడుచుందురు. అంత దూరము పోలేనివారికి అరకు దారిలోనే ఒక పాఠమున్నది. గిజాలోని ఖుఫూ పిరమిడ్డును మానవుడు సుమారు 4,500 ఏండ్ల క్రిందట సున్నపురాతితో కట్టెను. బొర్రా గుహలను అట్టి సున్నపురాతిలోనే నీరు తొలిచినది.

మూడు దినముల యాత్రకు మా సూచన ఇది. మొదటి దినము అనకాపల్లి చెంత శంకరములోని బొజ్జన్నకొండ బౌద్ధగుహలను, భీమిలి దారిలోని తొట్లకొండను చూడవలెను. భిక్షువులు నీటికొరకు రాతిలో తొలిచిన తొట్లవలననే ఆ కొండకాపేరు వచ్చినది. రెండవ దినము విశాఖపట్నములో కిరండూల్ రైలెక్కి, సొరంగములు దాటి బొర్రాలో దిగవలెను. మూడవ దినము అరకు గిరిజన మ్యూజియము చూచి, అనంతగిరి కాఫీతోటల మీదుగా మరలవలెను.

వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతిని కరగించును. గుహ కప్పునుండి కారు బొట్టు విడిచిన సున్నమే ఊడగా దిగును. అది అంగుళము పెరుగుటకు శతాబ్దములు పట్టును. గత యాత్రలో మా జట్టువారొకరు జ్ఞాపకార్థమని ఊడకొన విరిచిరి. మేము చూచియు మందలింపలేదు. తిరుగుదారిలో ఆ ముక్కను అందరును చేతులు మార్చి చూచి, తుదకు కిటికీలోనుండి పారవేసిరి. తప్పు మాదే. రైలువేళలు చెప్పితిమి గాని, చూచు విధము చెప్పలేదు.

కావున ఈసారి ప్రయాణపట్టికలో మొదటి పంక్తి ఇది: ఏదియు విరువరాదు, గోడలపై పేర్లు వ్రాయరాదు, గిరిజనులను అడుగక ఫోటో తీయరాదు. యాత్రాచందా వసూలుకు ముందే ఈ పాఠము చెప్పుటకు కమిటీవారు ఒక గంట అనుమతింపగోరుచున్నాము.