మనము వెదకిన మాటలు ఎక్కడికి పోవుచున్నవి?



పొరుగువారితో చెప్పుకొనలేని సంగతులను ఇప్పుడు మనము సెల్‌ఫోనులో వెదకుచున్నాము. ఒంటిమీది మచ్చకు మందేమి, తీరని అప్పుకు దారియేమి అని గూగుల్‌ను అడుగుచున్నాము. అడిగినది మనకును ఫోనుకును మధ్యనే ఉండునని తలంచుచున్నాము. అది నిజమా?

అమెరికాలో 2006 ఆగస్టు నెలలో జరిగిన సంగతి వినుడి. ఏఓఎల్ అను కంపెనీ, పరిశోధకులకు ఉపయోగపడునని, సుమారు 6,50,000 మంది మూడు నెలలలో వెదకిన దాదాపు 2 కోట్ల ప్రశ్నలను ఇంటర్నెట్‌లో పెట్టెను. పేర్లు తీసివేసి, ఒక్కొక్కరికి ఒక అంకె ఇచ్చెను. అయినను న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు 4417749 అను అంకె క్రిందనున్న ప్రశ్నలను చదివి, జార్జియా రాష్ట్రములోని ఒక 62 ఏండ్ల విధవరాలి యింటికి చేరిరి. ఆమె వెదకిన ఊరి పేరు, యింటి పేరు వారికి దారి చూపినవి.

మరియొక సంగతి గమనింపవలెను. ఆమె అనేక జబ్బులను గూర్చి వెదకెను. ఆ పట్టీ చదివినవారు ఆమెయే రోగియని తలంతురు. నిజమునకు ఆమె తన స్నేహితుల దిగులు తీర్చుటకే వాటిని వెదకెను. ప్రేమతో చేసిన పనియే ఆమెను గూర్చి తప్పు మాట చెప్పగలిగెను. కంపెనీ ఆ పట్టీని తీసివేసి క్షమాపణ చెప్పెను గాని, అప్పటికే దాని నకళ్లు నలుదిక్కులకు పోయెను.

మనము జ్ఞాపకముంచుకొనవలసినవి:

1. మనము వెదకిన మాట, వెదకిన గడియ, రమారమిగా మనమున్న చోటు కంపెనీ కంప్యూటర్లలో వ్రాయబడవచ్చును. వాటినిబట్టి ప్రకటనలు చూపి వారు ఆదాయము పొందుదురు.

2. ఇన్‌కాగ్నిటో అను పద్ధతి మన ఫోనులో జాబితా మిగలనియ్యదు. అంతే గాని, మనము చూచు వెబ్‌సైట్లకును, నెట్ ఇచ్చు కంపెనీకిని మనలను మరుగుచేయదు.

3. గూగుల్ ఖాతాలో మై యాక్టివిటీ అనుచోట పాత ప్రశ్నలను తుడిచివేయవచ్చును. 3, 18 లేక 36 నెలలు దాటినవి వాటంతటవే పోవునట్లును పెట్టవచ్చును.

4. గోప్యత పౌరుని ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పెను. కాబట్టి దీనిని కోరుట దొంగతనమునకు గుర్తు కాదు.

కంపెనీల మాట అటుంచుదము. ఒకే ఫోనును యింటిల్లిపాది వాడుచోట, కోడలు వెదకినది అత్తకును, కుమారుడు వెదకినది తండ్రికిని కనబడును. దానిని వీధిలో చెప్పుదుమా, లేక నమ్మకస్థులమై దాచుదుమా? సామెతలు 11:13 చదివి, ఈ వారము మన యిండ్లలో ఆలోచింతము.