మూర్ఛ – అపోహలు, వాస్తవాలు

విజయవాడ వీథులలో గాని, కృష్ణా డెల్టా పల్లెలలో గాని ఎవరికైనా మూర్ఛ వచ్చినప్పుడు చుట్టూ చేరినవారు ఆ వ్యక్తి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం కద్దు. ఇనుముకు మూర్ఛను ఆపే శక్తి లేదు. మెదడులోని నాడీకణాల విద్యుత్ చర్య ఒక్కసారిగా అదుపు తప్పడమే దీనికి కారణం. ఇది శాపం కాదు; అంటువ్యాధి అంతకన్నా కాదు.

మూర్ఛ వచ్చినవారిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోటిలో ఏమీ పెట్టరాదు. అయిదు నిమిషాలు దాటినా తగ్గకపోతే 108కి ఫోను చేయాలి. కాలువలు పారే ఈ సీమలో మూర్ఛ ఉన్నవారు ఒంటరిగా నీటిలోకి దిగరాదు.

సరైన చికిత్స పొందితే నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరు. హిందూ వివాహ చట్టం ఒకప్పుడు మూర్ఛను పెళ్ళికి అడ్డంకిగా పేర్కొన్నది. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించింది. ఇక అది తొలగవలసినది మన మనస్సులలో నుండియే.